మాట్లాడడు కాదు, మాట్లాడలేడు

ముందే ఒప్పుకుంటాను. నేనిక్కడ తిట్టబోయే కథల్లో నాది కూడా ఒకటుంది.

కొన్నేళ్ల క్రితం ఒక కథ రాశాను. మార్కాపురంలో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడు. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, బళ్లో నోరు విప్పడు. వాళ్ల నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటాడు. కుర్రాడు చెప్పాలనుకున్నదంతా పలక మీద రాసి చూపిస్తాడు. చివర్లో స్కూల్ యానివర్సరీ. అందరూ చూస్తుండగా స్టేజీ ఎక్కుతాడు, మైకు పట్టుకుంటాడు, చేతిలో పలక కిందపడి పగుల్తుంది, నోట్లోంచి 'అమ్మా' అనే మాట వస్తుంది. సమాప్తం. ఒక పత్రిక వేసుకుంది. చదివినవాళ్లు ఏడ్చామన్నారు. నేనూ కాలర్ ఎగరేశాను.

ఆ కుర్రాడికి మూలం నా క్లాస్‌మేట్. ఆరు నుంచి టెన్త్ దాకా ఒకే బెంచీ. వాడికి కథ పంపే ధైర్యం నాకు లేకపోయింది, ఇంకెవరో ఫార్వర్డ్ చేశారు. ఒక రాత్రి వాట్సాప్‌లో మూడు మెసేజీలు వచ్చాయి.

మొదటిది: 'నైన్త్‌లో పలకేందిరా అబ్బయా? మనం పలక వదిలేసింది రెండో తరగతిలో.'

రెండోది: 'నేను స్టేజీ ఎప్పుడు ఎక్కినా?'

మూడోది పది నిమిషాల తర్వాత: 'నువ్వు బడికి రాని రోజు నాకూ ఆబ్సెంటే పడేది. అది రాయాల్సింది.'

నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. అటెండెన్స్ పిలిచేటప్పుడు వాడి పేరు రాగానే పక్కనుంచి నేనే 'ప్రెజెంట్ సార్' అనేవాణ్ని. సార్లకీ అలవాటైపోయింది. నాకు జ్వరమొచ్చి మానేసిన రోజు వాడి పేరు పిలిచేవాళ్లు, సమాధానం ఉండేది కాదు, తలెత్తి చూసే ఓపిక లేని సారు 'ఆ' వేసేసి తర్వాతి పేరుకి వెళ్లిపోయేవాడు. వాడు అక్కడే ఉన్నాడు. రెండో బెంచీలో, కళ్లెదురుగా. రిజిస్టర్లో మాత్రం లేడు.

ఐదేళ్లు పక్కన కూర్చున్న నాకు ఈ సంగతి తెలీదు. తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో నేను క్లాసులో లేను. వాడి జీవితంలో అసలు కథ ఇది. నేను రాసింది పగిలిన పలక కథ.

అందుకే ఈ వ్యాసం. ఈమధ్య ఒక కథల పోటీకి వచ్చిన కథల్ని వడపోసే పని నామీద పడింది. వాటిలో మూడింట్లో 'మాట్లాడని' టీనేజ్ పిల్లలున్నారు. మూడూ బాగా రాయగలిగినవాళ్లే రాశారు. మూడింట్లోనూ పిల్ల ఆఖరి పేరాలో మాట్లాడింది. నా కథే నాకు మూడుసార్లు తిరిగొచ్చినట్టయింది.

*

ముందు విషయమేమిటో చూద్దాం. దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. పిల్లకి మాట వచ్చు, భాష వచ్చు, వినికిడి బావుంటుంది. ఇంట్లో, తనకు భయం లేనిచోట, మామూలుగా మాట్లాడుతుంది. బడి, చుట్టాలిల్లు, అంగడి లాంటి కొన్నిచోట్ల మాత్రం గొంతు మూసుకుపోతుంది. సాధారణంగా ఐదేళ్లలోపే మొదలవుతుంది, బళ్లో వేశాకగానీ బయటపడదు. బళ్లో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు, అప్పుడు చాలామంది పిల్లలు బిగుసుకుపోతారు. నూటికి ఒకరికన్నా తక్కువమందిలోనే ఉంటుంది. పట్టించుకోకపోతే టీనేజ్ దాకా, ఆ తర్వాత కూడా లాగుతుంది.

మా ఫీల్డులో ఒక పాత జోకుంది. టెస్టర్ బగ్ చూపిస్తే డెవలపర్, 'నా మెషీన్లో బానే రన్ అవుతోందే' అంటాడు. ఈ పిల్లల తల్లులు టీచర్లతో అచ్చం ఇదే మాట అంటారు: 'మా ఇంట్లో బానే మాట్లాడతాడే సార్!' ఇద్దరూ నిజమే చెప్తుంటారు. ఇద్దరూ ఒకరినొకరు నమ్మరు. తల్లి అబద్ధం చెప్తోందనో, పిల్లాడు నాటకాలాడుతున్నాడనో టీచర్ అనుకుంటాడు. టీచరే భయపెడుతున్నాడని తల్లి అనుకుంటుంది. మధ్యలో పిల్లాడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడి ఉంటాడు.

ఈ 'నాటకాలు' అనే అనుమానానికి పెద్ద చరిత్రే ఉంది. 1877లో అడాల్ఫ్ కుస్‌మాల్ అనే జర్మన్ వైద్యుడు దీనికి 'అఫేసియా వాలంటారియా' అని పేరు పెట్టాడు. అంటే కావాలని మాట మానేయడం. 1934లో మోరిట్జ్ ట్రామెర్ అనే స్విస్ మనోవైద్యుడు 'ఎలెక్టివ్ మ్యూటిజం' అన్నాడు. అందులోనూ పిల్లాడి ఇష్టమే ధ్వనిస్తుంది. అమెరికన్ మనోవైద్యుల చేతి పుస్తకం డీఎస్ఎం కూడా చాలాకాలం దీన్ని మాట్లాడటానికి 'నిరాకరించడం' అనే రాసుకుంది. 1994లో 'ఎలెక్టివ్' పోయి 'సెలెక్టివ్' వచ్చింది, 'నిరాకరించడం' పోయి 'మాట్లాడలేకపోవడం' వచ్చింది. 2013లో దీన్ని ఆందోళన రుగ్మతల్లో చేర్చారు. ఈ పిల్లల మౌనంలో 'కావాలని' అన్న మాట కొట్టేయడానికి వైద్యానికి 117 ఏళ్లు పట్టింది. మన కథల్లో ఇంకా కొట్టేయలేదు.

తెలుగులో దీనికి కుదురైన పేరు లేదు. 'ఎంపిక చేసుకున్న మౌనం' అని అనువదిస్తే పోయిన దయ్యాన్ని మళ్లీ పిలిచినట్టే. ఎంపిక చేసుకునేది పిల్లాడు కాడు. ఏ చోట మాట వస్తుందో ఏ చోట రాదో భయం నిర్ణయిస్తుంది.

విచిత్రమేంటంటే, పేరు లేకపోయినా దీనికి సరిపోయే వ్యాకరణం మాత్రం తెలుగులో ఎప్పట్నుంచో ఉంది. 'నోరు పెగల్లేదు' అంటాం. 'మాట రాలేదు' అంటాం. ఈ వాక్యాల్లో కర్త ఎవరు? నోరు, మాట. మనిషి కాదు. వాడు అక్కడున్నాడు, మాటే రాలేదు. ఇంతకంటే కచ్చితమైన నిర్వచనం డీఎస్ఎంలో కూడా లేదు. 'మాట్లాడడు', 'మాట్లాడలేడు' అనే రెండు మాటల మధ్య తేడా ఒక్క అక్షరం: 'లే'. మా బళ్లో సార్లందరూ 'వీడు మాట్లాడడు' అనేవాళ్లు. ఆ ఒక్క అక్షరం ఎగిరిపోయినందుకు వాడు ఎన్నిసార్లు ఎండలో నిలబడ్డాడో నాకు తెలుసు.

ఇప్పుడు మన కథలు చూడండి. 'పెదవి విప్పలేదు.' 'మౌనాన్ని ఆశ్రయించాడు.' 'మాటల్ని తనలోనే దాచుకుంది.' 'మౌనమే ఆమె సమాధానం.' దాదాపు అన్నింట్లోనూ మనిషే కర్త, అన్నీ కావాలని చేసే పనులు. నా కథలో 'నోరు విప్పడు' అని పదకొండుసార్లు రాశాను, కూర్చుని లెక్కపెట్టాను. ఇది శైలి సమస్య అనుకోకండి. ఆ సారు రిజిస్టర్లో చేసిన తప్పునే నేను కథలో చేశాను.

*

మనకి ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చింది? నాకు నాలుగు అచ్చులు కనబడుతున్నాయి. ఎవరు రాసినా పాత్ర వీటిలో ఏదో ఒకదాంట్లోకి జారిపోతుంది.

మొదటిది జడభరతుడి అచ్చు. భాగవతం ఐదో స్కంధం కథ తెలిసిందే. లోకం దృష్టిలో మొద్దులా, మూగలా తిరిగే భరతుణ్ని పట్టుకొచ్చి రహూగణుడి పల్లకీకి బోయీగా పెడతారు. కాలి కింద పురుగు నలగకుండా నడుస్తాడు, పల్లకీ కుదుపుతుంది, రాజు దెప్పుతాడు. అప్పుడు నోరు తెరిస్తే వచ్చేది వేదాంతం. గొప్ప కథ. కానీ దాని నీడలో పుట్టిన మన ఆధునిక పాత్రలన్నీ నోరు తెరిస్తే ఉపదేశమే ఇవ్వాలి. మాట్లాడలేని పదిహేనేళ్ల పిల్లాడు జ్ఞాని అయ్యుండాల్సిన పనేముంది? నా ఫ్రెండ్ నోరు పెగిలిన చోట చెప్పే మాటల్లో ఎక్కువ భాగం చిరంజీవి సినిమాల గురించి, ఎవరి బ్యాటింగ్ ముందు అనే గొడవ గురించి. ఆటస్థలంలో మా నలుగురి మధ్య వాడే అందరికంటే పెద్ద గొంతు. కాస్త అన్యాయంగా అంపైరింగ్ కూడా చేసేవాడు.

రెండోది సినిమా అచ్చు. కె. విశ్వనాథ్ 'సిరిసిరిమువ్వ' (1976)లో జయప్రద మాటలు రాని నాట్యకత్తె. అది వేరే స్థితి, దానికి ఆ సినిమాని తప్పుపట్టను. అయితే 'దేవుడు మాట తీసుకున్నాడు, బదులుగా కళ ఇచ్చాడు' అన్న లెక్క మన తలల్లో స్థిరపడిపోయింది. దాంతో మాట్లాడని ప్రతి పాత్రా బొమ్మలు వేస్తుంది, వేణువు ఊదుతుంది, కనీసం డైరీలో కవిత్వం రాస్తుంది. ఏ కళా రాని మామూలు పిల్లకి కథలో చోటు లేదా?

మూడోది రహస్యం అచ్చు. పిల్ల మాట్లాడటం లేదంటే ఏదో ఘోరం జరిగి ఉండాలి, దాన్ని పాఠకుడు తవ్వితీయాలి. లారీ హాల్స్ ఆండర్సన్ నవల 'స్పీక్' (1999)లో మెలిండా అత్యాచారం తర్వాత మాట కోల్పోతుంది. మాయా ఏంజెలో తన ఆత్మకథలో చిన్నప్పుడు జరిగిన అత్యాచారం తర్వాత దాదాపు ఐదేళ్లు మాట్లాడకపోవడం గురించి రాసింది. రెండూ నిజాయితీ గల పుస్తకాలు. కానీ అవి గాయం వల్ల పోయిన మాట గురించి. సెలెక్టివ్ మ్యూటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి వెనక అలాంటి ఘటన ఏదీ ఉండదు. ఈ రెంటినీ కలిపేస్తే నష్టం పుస్తకంలో ఆగదు. అలాంటి కథ చదివిన పక్కింటివాళ్లు ఆ పిల్ల తండ్రి వైపు వేరే చూపు చూస్తారు. చిన్న ఊళ్లో ఆ చూపు ఖరీదెంతో నేను చెప్పక్కర్లేదు.

నాలుగోది పంతం లేదా జోకు అచ్చు. 'లిటిల్ మిస్ సన్‌షైన్' (2006)లో డ్వేన్ పైలట్ కావాలని మౌనవ్రతం పడతాడు. తను పెట్టుకున్న నియమం, తనే తెంచుకుంటాడు. అది వ్రతం, బావుంది. 'బిగ్ బ్యాంగ్ థియరీ'లో రాజ్‌కి ఏకంగా సెలెక్టివ్ మ్యూటిజం అనే పేరే పెట్టారు, ఆడవాళ్ల ముందు నోరు రాదు, ఒక గుక్క మందు పడితే వస్తుంది. ఆరు సీజన్లు ఆ జోకు మీద నడిపారు. మన కుర్రాళ్లలో చాలామందికి ఈ పదం మొదట తెలిసింది రాజ్ వల్లే కావడం ఎంత దురదృష్టం!

జపాన్ కామిక్ 'కోమి కాంట్ కమ్యూనికేట్' వీటన్నిటికన్నా నయం. మొదటి అధ్యాయంలోనే ఖాళీ క్లాసురూములో ఇద్దరు పిల్లలు బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో మాట్లాడుకుంటారు. తొందరలేదు, నిమ్మళంగా బోర్డు నిండిపోతుంది. అయితే వాళ్లూ ఆగలేకపోయారు, కోమిని స్కూలంతా ఆరాధించే అందగత్తెని చేశారు. అందంగా ఉంటే ఆ మౌనం 'మిస్టరీ'. మామూలుగా ఉండి, నల్లగా, చెమట పట్టి, చొక్కా గుండీ నలుపుతూ నిలబడితే దాన్నే 'మొద్దు' అంటారు.

*

నాకు తెలుసు, ఒక అభ్యంతరం వస్తుంది. రచయితకి స్వేచ్ఛ లేదా? మౌనాన్ని ప్రతీకగా వాడుకోకూడదా? కథ రాయాలంటే డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలా?

ప్రతీక వాడుకోండి. కానీ ప్రతీకకి ముందు మనిషి ఉండాలి. మార్కాపురం కుర్రాడు కాబట్టి చేతిలో పలక పెట్టాను నేను. దేశంలో ఎన్నో బళ్లకి పలకలు పంపిన ఊరు, ఇప్పుడు పలక రాళ్లని గోడలకీ గచ్చులకీ తొడిగే అలంకరణ రాళ్లుగా ఎగుమతి చేస్తున్న ఊరు. ఆ ఊళ్లో పుట్టి పెరిగి, గూగుల్లో మొదటి లైను చదివినవాడు రాసినట్టు రాశాను. ప్రతీక దొరికిందన్న సంబరంలో తొమ్మిదో తరగతి పిల్లాడు పలక పట్టుకుంటే తోటివాళ్లు ఎంత నవ్వుతారో కూడా మర్చిపోయాను. వాడి బాధంతా ఎవరి కంటా పడకూడదనే కదా! పలక పట్టుకుంటే బడంతా చూస్తుంది.

సర్టిఫికెట్ మాట కూడా చెప్తాను. జబ్బు పేరు కథలో ఉండక్కర్లేదు. ఉండకపోవడమే సహజం. మా చిన్నప్పుడు పిల్లల మానసిక వైద్యుడికి చూపించాలంటే ఒంగోలుకో గుంటూరుకో బస్సెక్కాలి, అసలు చూపించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. వాళ్లమ్మ మొక్కులు మొక్కింది, తాయెత్తు కట్టించింది. 'సిగ్గెక్కువ, పెద్దయితే అదే పోద్ది' అన్నారు పెద్దవాళ్లు. ఇవన్నీ రాయండి. వైద్యభాష తెలియని మనుషుల మధ్య ఈ స్థితి ఎలా బతుకుతుందో రాయడం రచయిత పనే, డాక్టర్ పని కాదు. పాత్రకి తెలియకపోవచ్చు. రచయితకి తెలియకపోతేనే చిక్కు.

ఇంకో అభ్యంతరం: మాట్లాడని పాత్రతో కథ ఎలా నడుస్తుంది? ఈ ప్రశ్న తెలుగువాళ్లు అడగకూడదు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య బయటికి అనగలిగింది ఎంత, లోపల అనుకున్నది ఎంత? నవీన్ 'అంపశయ్య' (1969) యూనివర్సిటీ కుర్రాడి ఒక్క రోజు బుర్రలోనే నడుస్తుంది. చైతన్య స్రవంతి మనకి కొత్త కాదు. బయట నిశ్శబ్దం, లోపల రొద: ఈ పాత్రకి ఇంతకన్నా అమరిన పద్ధతి ఏముంది? మనం మాత్రం పిల్లాణ్ని బయట్నుంచి, జాలిపడే టీచర్ కళ్లతోనో మంచి ఫ్రెండ్ కళ్లతోనో చూస్తాం. నా కథలో చెప్పేది ఎవరనుకున్నారు? మంచి ఫ్రెండే. అంటే నేనే.

*

మరి ఎలా రాయాలి? నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు చోట్లు రాయండి. ఈ స్థితి పిల్లాడి లోపల ఎంతుందో చోట్లలో అంతుంది. నా ఫ్రెండ్‌కి ఇంట్లో మాట ఉంది. వీధి చివరి మైదానంలో ఉంది. బడి గేటు దగ్గర సగం, అంటే నా చెవిలో గుసగుస. గేటు దాటితే లేదు. ఆదివారం అదే బడి ఆవరణలో క్రికెట్ ఆడితే మళ్లీ ఉంది! చెన్నకేశవస్వామి గుళ్లో వాళ్ల నాయనమ్మతో మాట్లాడుతూ ఉండేవాడు, మా సారు ఎదురైతే మాట మధ్యలో తెగిపోయేది. ఇదంతా ఒక మ్యాపు. ఆ మ్యాపు గీసుకోకుండా పాత్ర రాయలేం.

తర్వాత శరీరం. మాట ఒక్కటే ఆగదు. మొహం బిగుసుకుపోతుంది, దాన్ని చూసి పొగరనుకుంటారు. బాత్‌రూంకి వెళ్తానని అడగలేక మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటాడు, అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగడు. మా వైపు ఎండల్లో నీళ్లు తాగకుండా ఉండటమంటే ఏంటో ఆలోచించండి. ఇంగ్లిష్ రీడింగ్‌కి సున్నా పడుతుంది, పాఠం మొత్తం కంఠతా వచ్చినా.

తర్వాత వాడి తరఫున మాట్లాడేవాళ్లు. ఇది నేను మర్చిపోయిన సంగతి. అక్కో, పక్క బెంచీవాడో గొంతు అరువిస్తారు. మంచిపనే. కానీ దాంతో మిగతావాళ్లు వాణ్ని నేరుగా అడగడం మానేస్తారు. 'వాడికి చట్నీ కావాలంటనా?' అని నన్నడిగేవాళ్లు, వాడి ముందే. నేనే చెప్పేసేవాణ్ని, వాడి వైపు చూడకుండా. ఆ అధికారం నాకు నచ్చింది కూడా. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

వలస కూడా రాయండి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లల్లో, వలస కుటుంబాల పిల్లల్లో ఇది ఎక్కువ కనిపిస్తుందని పరిశోధకులు గమనించారు. కరువుకి గిద్దలూరు, కంభం, తర్లుపాడు వైపు నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయిన కుటుంబాలెన్ని! 'యాడికి', 'ఏంది' అంటే నవ్వే క్లాసులో కూర్చున్న పిల్ల సంగతేంటి? డల్లాస్‌లో డేకేర్‌కి వెళ్లే తెలుగు పిల్ల సంగతేంటి? అయితే ఒక జాగ్రత్త. కొత్త భాష వింటూ కొన్నాళ్లు నోరు మెదపకపోవడం మామూలే. యాసకి సిగ్గుపడి తక్కువ మాట్లాడటం వేరు. అన్నిట్నీ ఒకే గాటన కట్టొద్దు.

ఆఖరిది ముగింపు. దయచేసి ఆ మైకు తీసేయండి. వందమంది ముందు నిలబెట్టడం ఈ పిల్లలకి వైద్యం కాదు, శిక్ష. నిజంగా పనిచేసే పద్ధతి చాలా నెమ్మదైనది. బడి అయిపోయాక ఖాళీ క్లాసులో తల్లితో మాట్లాడించడం. కొన్నాళ్లకి టీచర్ వరండాలో ఉండటం. తర్వాత గుమ్మంలో. తర్వాత లోపల, వేరేపక్కకి తిరిగి. ప్రతి అడుగూ ఒక రోజు ముందుకి, రెండు రోజులు వెనక్కి. ఇందులో కథ లేదంటారా? తల్లీ పిల్లాడూ మాట్లాడుకుంటున్నారు, గుమ్మం బయట చెప్పుల చప్పుడు వినపడింది, వాడి వాక్యం పూర్తవుతుందా తెగుతుందా? యానివర్సరీ స్టేజీ కన్నా ఇక్కడే నాకు ఉత్కంఠ ఎక్కువ.

కొందరికి ఆ అవకాశమూ రాదు. నా ఫ్రెండ్‌కి రాలేదు. టెన్త్ అయిపోయింది, అంతే. బడి ఉన్నన్నాళ్లు బళ్లో ఒక్క మాటా రాలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, ఆఫీసులో మాట్లాడతాడు, కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తడు. ఎక్కడున్నాడో, ఏం చేస్తాడో రాయను. ఇక్కడ రాసినవన్నీ వాడికి చూపించాకే రాశాను.

నా పాత కథని ఎప్పుడైనా పుస్తకం వేస్తే అందులో చేర్చను. మళ్లీ రాస్తున్నాను, నేను బడికి రాని రోజు దగ్గర ఆగిపోయింది. ఆ రోజు క్లాసులో ఏం జరిగేదో నాకు తెలీదు కదా. వాణ్నే అడిగాను. ఫోన్లో చెప్పమంటే చెప్పలేనన్నాడు, రాసి పంపుతానన్నాడు. రెండు నెలలైంది. నేను తొందరపెట్టడం లేదు.